గ్రంథమై నిలిచిన శాస్త్రవేత్త – బైల్‌స్టైన్

కొందరు మహనీయుల పేర్లు వారు కనుగొన్న సూత్రాలను అంటిపెట్టుకొని నిలుస్తాయి. మరికొందరి పేర్లు వారు రచించిన గ్రంథాలను అంటిపెట్టుకొంటాయి. కాలక్రమాన ఆ గ్రంథాలే వారిని మరుగుపరుస్తాయి. తెలుగువారు బ్రౌన్ దొర నిఘంటువును బ్రౌణ్యమని వ్యవహరించినట్లే, ప్రపంచంలోని రసాయన శాస్త్రజ్ఞులు ఒక మహాగ్రంథాన్ని బైల్‌స్టైన్ అని వ్యవహరించారు. ఆ పేరుగల మనిషి ఒకడు నిజంగా జీవించాడని, తన ఆయుర్దాయంలో అత్యధిక భాగాన్ని ఆ గ్రంథానికి ధారపోశాడని తెలిసినవారు తక్కువ.

మన విద్యార్థులకు ఆయన పేరు ప్రయోగశాలలో ఒకసారి వినబడుతుంది. రాగి తీగను మంటలో కాల్చి, దాని కొనకు పరీక్షించదలచిన సేంద్రియ పదార్థాన్ని అంటించి, మళ్ళీ మంటలో పెడతారు. జ్వాల ఆకుపచ్చగా మారితే ఆ పదార్థంలో క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్‌లలో ఏదో ఒకటి ఉండవచ్చునని గ్రహిస్తారు. ఇది బైల్‌స్టైన్ పరీక్ష. రెండు నిమిషాలలో ముగిసే పని. కాని ఆయన లోకానికి చేసిన అసలు ఉపకారం ప్రయోగశాలలో జరిగినది కాదు, గ్రంథాలయంలో జరిగినది. ప్రయోగశాల మెట్లెక్కే ముందు గ్రంథాలయం మెట్లెక్కాలని తన జీవితం ద్వారా బోధించిన ఆ మహానుభావుని చరిత్ర రసాయన శాస్త్ర విద్యార్థులందరూ తెలుసుకోదగినది.

జననం – విద్యాభ్యాసం

ఫ్రీడ్రిక్ కాన్రాడ్ బైల్‌స్టైన్ 1838వ సంవత్సరం ఫిబ్రవరి 17వ తేదీన రష్యా రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. వారిది జర్మన్ కుటుంబం. ఇంట్లో, బడిలో జర్మన్, వీధిలో రష్యన్ వింటూ పెరిగిన ఆ బాలుడు రెండు భాషలకూ చెందినవాడైనాడు. అది ఆయనకు భావి జీవితంలో వరమూ అయింది, శాపమూ అయింది.

పదిహేనేళ్ళ ప్రాయంలోనే జర్మనీ వెళ్ళి హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బున్సెన్ వద్ద చేరాడు. మన ప్రయోగశాలల్లోని బర్నరుకు పేరిచ్చిన బున్సెన్ ఆయనే. తరువాత మ్యూనిక్‌లో లీబిగ్ వద్ద, గోటింగెన్‌లో వోలర్ వద్ద శిష్యరికం చేశాడు. ఇరవయ్యో పుట్టినరోజు ఇంకా రెండు రోజులుందనగా, 1858 ఫిబ్రవరిలో, గోటింగెన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేట్ పట్టా ప్రదానం చేసింది. ఆపైన పారిస్‌లో వుర్ట్స్ ప్రయోగశాలలో పనిచేశాడు. ఆ విధంగా ఆనాటి ఐరోపాలోని మేటి గురువులు పలువురి వద్ద విద్య నేర్చుకొనే భాగ్యం ఆయనకు కలిగింది. ఒక్కొక్క గురువుది ఒక్కొక్క బాణీ. ఒకే పదార్థాన్ని ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరుతో పిలవడం, ఒకే విషయాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాయడం ఆయన విద్యార్థి దశలోనే చూశాడు.

గోటింగెన్‌లో

కొంతకాలం బ్రెస్లావ్‌లో సహాయకుడుగా పనిచేసిన పిమ్మట వోలర్ పిలుపుపై ఆయన మళ్ళీ గోటింగెన్ చేరి బోధన, పరిశోధన సాగించాడు. ఈ కాలంలో ఆయన చేసిన పరిశోధనలలో రెండింటిని ఇక్కడ చెప్పుకోవాలి.

మొదటిది సాలిలిక్ ఆమ్లం కథ. బెంజోయిక్ ఆమ్లాన్ని పోలి, దానికి భిన్నమైన మరొక ఆమ్లం ఉన్నదని అంతకుముందే గ్రంథస్థమై ఉంది. దానికి పేరు పెట్టారు, గుణాలు వర్ణించారు. 1864లో బైల్‌స్టైన్, రైఖెన్‌బాఖ్ దానిని శుద్ధిచేసి చూడగా అది మాలిన్యంతో కూడిన బెంజోయిక్ ఆమ్లమేనని తేలింది. లేని పదార్థం ఒకటి కాగితం మీద జీవిస్తూ వచ్చిందన్నమాట!

రెండవది టొలీన్ మీద క్లోరిన్ చర్య. చల్లని టొలీన్‌లోనికి, అయొడిన్ సహాయంతో, క్లోరిన్‌ను పంపితే ఒక పదార్థం, మరుగుతున్న టొలీన్‌లోనికి పంపితే వేరొక పదార్థం ఏర్పడుతుందని 1866లో గైట్నర్‌తో కలిసి ఆయన స్పష్టం చేశాడు. మొదటిది క్లోరోటొలీన్, రెండవది బెంజైల్ క్లోరైడ్. రెండింటికీ అణుఫార్ములా ఒక్కటే, గుణాలు వేరు. ఒకచోట రెండు పదార్థాలను ఒకటిగా భ్రమించారు. మరొకచోట ఒకే పదార్థాన్ని రెండుగా భ్రమించారు. ఈ రెండు భ్రమలూ శాస్త్రానికి చేటు తెచ్చేవే. అచ్చయినదంతా సత్యం కాదనీ, సత్యాసత్యాలను వడకట్టి ఒకచోట చేర్చేవారు లేకపోతే శాస్త్రం కాగితాల కుప్పలో కూరుకుపోతుందనీ ఆయనకు అవగతమయింది.

ఆ కాలంలోనే ఆయన తన స్వంత ఉపయోగం కోసం సేంద్రియ పదార్థాలను గురించిన వివరాలను పత్రికలనుంచి ఏరి వ్రాసుకోవడం ప్రారంభించాడు. 1865లో ఫిట్టిగ్, హ్యూబ్నర్‌లతో కలిసి ఒక రసాయన శాస్త్ర పత్రికకు సంపాదకుడైనాడు. 1871 వరకు సాగిన ఆ సంపాదకత్వం వల్ల ఐరోపా నలుమూలలా జరిగే పరిశోధనలు ఆయన బల్లమీదికి వచ్చేవి. ఒక విద్యార్థి వ్రాతప్రతిగా మొదలైన ఆ సేకరణ క్రమంగా పెరిగి పెద్దదయింది.

ఒక మాట తెచ్చిన వివాదం

1866లో సెంట్ పీటర్స్‌బర్గ్ టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆచార్య పదవి లభించి ఆయన జన్మస్థలానికి తిరిగివచ్చాడు. అంతకుముందు ఆ పదవిలో ఉన్నవాడు సుప్రసిద్ధుడైన మెండలీవ్.

1869లో మెండలీవ్ మూలకాల ఆవర్తన నియమాన్ని ప్రకటించాడు. రష్యన్ భాషలో వెలువడిన ఆ వ్యాసానికి జర్మన్ సంగ్రహం బైల్‌స్టైన్ సంపాదకుల్లో ఒకడుగా ఉన్న పత్రికలోనే అదే సంవత్సరం అచ్చయింది. అయితే ఆ సంగ్రహంలో ఒక కీలకమైన మాట మారిపోయింది. మూలకాల గుణాలు ఆవర్తనంగా, అనగా తిరిగి తిరిగి వచ్చేవిధంగా, మారుతాయని మూలంలో ఉండగా, అంచెలంచెలుగా మారుతాయన్న అర్థమిచ్చే మాట సంగ్రహంలో పడింది. మెండలీవ్ ఆవర్తన భావాన్ని స్పష్టంగా చెప్పలేదని ఆ సంగ్రహాన్ని చదివినవారు తలచడానికి అది తావిచ్చింది. ఆ నియమాన్ని ఎవరు ముందుగా చెప్పారన్న విషయమై మెండలీవ్‌కూ జర్మన్ శాస్త్రజ్ఞుడు లోథార్ మేయర్‌కూ నడుమ 1880 ప్రాంతంలో జరిగిన వివాదంలో ఈ అనువాద దోషం కూడా చోటుచేసుకొంది.

భాషా బోధకులకూ, విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకూ ఇందులో సమానమైన గుణపాఠం ఉంది. సంగ్రహం దారి చూపుతుంది. గమ్యం మాత్రం మూలవ్యాసమే. సంగ్రహాన్ని చదివి మూలాన్ని చదివినట్లు భావించడం ప్రమాదం.

మహాగ్రంథ నిర్మాణం

1828లో వోలర్ ప్రయోగశాలలో యూరియాను తయారుచేసిన తరువాత సేంద్రియ రసాయన శాస్త్రం వేగంగా వృద్ధిచెందింది. 1856లో పెర్కిన్ ఊదారంగును తయారుచేయడంతో రంగుల పరిశ్రమ పుట్టింది. 1865లో కెకులే బెంజీన్ నిర్మాణాన్ని ప్రతిపాదించాడు. ఏటేటా కొత్త పదార్థాలు వందల సంఖ్యలో పత్రికలకెక్కసాగాయి. ఒక పదార్థం ఎవరైనా తయారుచేశారా లేదా అని తెలుసుకోవాలంటే జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు, రష్యన్ పత్రికల పాత సంపుటాలన్నీ తిరగవేయవలసి వచ్చేది.

పేర్ల గందరగోళం ఈ కష్టాన్ని ఇనుమడింపజేసింది. అనిలీన్ చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ. 1826లో ఉన్‌ఫెర్డోర్బెన్ దానిని కనుగొని ఒక పేరు పెట్టాడు. 1834లో రుంగే తారునుంచి తీసి మరొక పేరు పెట్టాడు. 1840లో ఫ్రిట్షే నీలిమందునుంచి రాబట్టి అనిలీన్ అన్నాడు. 1842లో జినిన్ నైట్రోబెంజీన్ నుంచి తయారుచేసి నాలుగో పేరు పెట్టాడు. ఈ నాలుగూ ఒకే పదార్థమని 1843లో హాఫ్‌మన్ నిరూపించాడు. అనిలీన్ అన్న పేరులోనే ఒక యాత్ర దాగి ఉంది. సంస్కృతంలోని నీలశబ్దం పారసీకం మీదుగా అరబ్బీలో అన్-నీల్ అయి, పోర్చుగీసులో అనిల్ అయి, రసాయన శాస్త్రంలో అనిలీన్ అయింది. పదాలు ఇలా వేషాలు మారుస్తాయి కనుకనే పదార్థాలను పేరునుబట్టి మాత్రమే వెదకడం చాలదు.

బైల్‌స్టైన్ ఈ అరణ్యంలో దారులు వేయబూనాడు. ప్రతి సమ్మేళనాన్నీ దాని నిర్మాణాన్నిబట్టి తగిన వర్గంలో చేర్చాడు. దాని ఫార్ములా, తయారుచేసే పద్ధతి, ద్రవీభవన స్థానం, మరుగు స్థానం, ద్రావణీయత, చర్యలు క్రమంగా వ్రాశాడు. ప్రతి విషయానికీ ఆధారం చూపాడు. ఎవరు చెప్పారు, ఏ పత్రికలో, ఏ సంపుటంలో, ఏ పుటలో అన్నది లేకుండా ఏ అంకెనూ విడిచిపెట్టలేదు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. హదీసు సంకలన కర్తలు ప్రతి వచనానికీ ఇస్నాదును, అనగా ఎవరినుంచి ఎవరు విన్నారన్న పరంపరను, జతపరచి, ఆ పరంపరలోని ప్రతి వ్యక్తి విశ్వసనీయతనూ తూచి చూసిన తరువాతనే స్వీకరించారు. ఇమామ్ బుఖారీ దేశదేశాలు తిరిగి చేసిన కృషి అట్టిది. రంగాలు వేరు, ప్రయోజనాలు వేరు. కాని ఆధారం లేని మాటను అంగీకరించరాదన్న నిష్ఠ ఒక్కటే. మన పెద్దలు ధర్మవిద్యలో పాటించిన ఆ జాగ్రత్తను మన విద్యార్థులు విజ్ఞాన శాస్త్రంలో పాటించడం వారసత్వానికి తగిన పని.

గ్రంథం మొదటి ముద్రణ 1881, 1883 సంవత్సరాల మధ్య రెండు సంపుటాలుగా వెలువడింది. దాదాపు 2,200 పుటలు. సుమారు 15,000 సమ్మేళనాలు. ఇందుకు వెనుక పెద్ద కార్యాలయం లేదు, సిబ్బంది లేదు. కళాశాలలో పాఠాలు చెప్పి, ప్రయోగశాల నడిపి, మిగిలిన వేళల్లో ఒక్క మనిషి చేసిన పని అది. 1886లోనే రెండవ ముద్రణ ఆరంభమై మూడు సంపుటాలయింది. మూడవ ముద్రణ నాలుగు సంపుటాలుగా పెరిగి 1899లో ముగిసింది. ఆ నాటికి ఆయనకు అరవై యేళ్ళు దాటాయి. పదార్థాల సంఖ్య ఒక మనిషి శక్తిని మించిపోయింది. తన తరువాత ఈ పని ఆగిపోరాదని భావించి ఆయన గ్రంథాన్ని జర్మన్ రసాయన శాస్త్ర సంఘానికి అప్పగించాడు. తన పేరుతో పాటు తన అధికారాన్ని కూడ అంటిపెట్టుకొని ఉండక, సకాలంలో సంస్థ చేతిలో పెట్టడం ఆయన దూరదృష్టికి నిదర్శనం.

అకాడమీ వివాదం

ఇంతటి కృషికి లోకం వెంటనే జేజేలు పలికిందనుకొంటే పొరపాటు. 1880లో జినిన్ మరణించగా రష్యన్ విజ్ఞాన అకాడమీలో ఒక స్థానం ఖాళీ అయింది. అనిలీన్‌కు నాలుగో పేరు పెట్టిన జినిన్ ఈయనే. ఆ స్థానానికి మెండలీవ్ పేరు ప్రతిపాదించబడింది. అదే సంవత్సరం నవంబరులో జరిగిన ఎన్నికలో మెండలీవ్ ఓడిపోయాడు. రష్యా అంతటా ఆగ్రహం పెల్లుబికింది. అకాడమీ జర్మన్ల గుప్పిట్లో ఉన్నదన్న ఆరోపణలతో పత్రికలు నిండిపోయాయి. ఆ తరువాత అదే స్థానానికి బైల్‌స్టైన్ పేరు రావడంతో ఆ ఆగ్రహం ఆయనవైపు తిరిగింది.

ఆయనను ఎదిరించినవారిలో ముఖ్యుడు బట్లెరోవ్. సేంద్రియ పదార్థాల నిర్మాణ సిద్ధాంతానికి పునాదులు వేసినవారిలో ఒకడైన బట్లెరోవ్ సామాన్యుడు కాడు. బైల్‌స్టైన్ శ్రమజీవియే కాని కొత్త భావం ఇచ్చినవాడు కాడన్నది ఆయన వాదన. ఈ విమర్శను తేలికగా త్రోసివేయలేము. మెండలీవ్ ప్రతిభతో బైల్‌స్టైన్ ప్రతిభను సరితూచడం ఎవరికీ సాధ్యం కాదు. మెండలీవ్ ఇంకా కనుగొనని మూలకాలను కూడ ముందుగా ఊహించి చెప్పాడు. బైల్‌స్టైన్ కనుగొన్నవాటిని పోగుచేశాడు.

రష్యాలో పుట్టి పెరిగినా జర్మన్‌గానే చూడబడిన బైల్‌స్టైన్ ఆ అవమానాన్ని దిగమింగి తన పని తాను చేసుకొనిపోయాడు. వివాదం నడుస్తున్న ఆ సంవత్సరాల్లోనే గ్రంథం మొదటి ముద్రణ అచ్చవుతూ ఉండటం గమనార్హం. చివరకు 1886లో ఆయన అకాడమీ సభ్యుడైనాడు.

ఇంతకూ సంకలనం పాండిత్యమా కాదా? ఈ ప్రశ్నకు కాలమే సమాధానం చెప్పింది. కొత్త భావం ఇచ్చేవాడు శాస్త్రాన్ని ముందుకు దూకిస్తాడు. ఉన్నదానిని సరిచూసి, క్రమపరచి, అందరికీ అందేటట్లు చేసేవాడు ఆ దూకడానికి నేలను గట్టిపరుస్తాడు. బైల్‌స్టైన్ గ్రంథం తెరిచి, తాను తలపెట్టిన పని ముప్పై యేళ్ళ క్రితమే జరిగిందని గ్రహించి, మరొక మార్గం పట్టిన పరిశోధకుల పేర్లు ఏ చరిత్రలోనూ వ్రాయబడవు. కాని వారికి మిగిలిన కాలమే తరువాతి ఆవిష్కరణలకు మూలధనమయింది.

అస్తమయం – అనంతర చరిత్ర

బైల్‌స్టైన్ వివాహం చేసుకోలేదు. సంగీతమన్నా, దేశాటనమన్నా ఆయనకు ప్రీతి. 1906 అక్టోబరు 18వ తేదీన తాను పుట్టిన నగరంలోనే కన్నుమూశాడు. ఆ మరుసటి సంవత్సరం, 1907లో, అమెరికాలో కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ అనే సంగ్రహ పత్రిక పుట్టింది.

ఆయన తరువాత గ్రంథం ఆగలేదు. ప్రాగెర్, యాకబ్‌సన్‌ల సంపాదకత్వంలో నాలుగవ ముద్రణ 1918లో ఆరంభమై, 1909 చివరి వరకు వెలువడిన విజ్ఞానాన్ని 27 సంపుటాలలో నిక్షిప్తం చేసింది. మొదటి నాలుగు సంపుటాలు వలయరహిత సమ్మేళనాలకు, 5 నుంచి 16 వరకు కార్బన్ వలయాలు గలవాటికి, 17 నుంచి 27 వరకు ఇతర మూలకాలు కూడ వలయంలో చేరినవాటికి కేటాయించారు. ఆపైన అనుబంధ శ్రేణులు వచ్చాయి. 1980ల వరకు గ్రంథం జర్మన్ భాషలోనే వెలువడింది. దానికోసమే జర్మన్ నేర్చుకొన్న పరిశోధకులు మన దేశంలోనూ ఎందరో ఉన్నారు. 1951లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన పేర ఒక సంస్థ వెలసింది. సుమారు 500 సంపుటాలకు పెరిగిన ముద్రిత గ్రంథం 1998లో ఆగిపోయినా, దానిలోని విజ్ఞానం కంప్యూటరులోనికి చేరి, 2009 నుంచి రియాక్సిస్ అనే పేరుతో అందుబాటులో ఉంది.

విద్యార్థులు గ్రహించవలసినది

ఇంత చరిత్ర చెప్పుకొన్నాక, గ్రంథాలయంలో అడుగుపెట్టిన రసాయన శాస్త్ర విద్యార్థి ఏమి చేయాలన్నది క్లుప్తంగా చెప్పుకోవడం అవసరం.

మొదట పదార్థం అణుఫార్ములాను వ్రాసుకోవాలి. పేర్లు మారవచ్చు, ఫార్ములా మారదు. సూచికలలో ఫార్ములాను 1900లో హిల్ అనే ఆయన సూచించిన వరుసలో వ్రాస్తారు: ముందు కార్బన్, తరువాత హైడ్రోజన్, ఆపైన మిగిలిన మూలకాలు సంకేతాల అక్షరక్రమంలో. ఆ లెక్కన అనిలీన్‌ను ఆరు కార్బన్‌లు, ఏడు హైడ్రోజన్‌లు, ఒక నైట్రోజన్ అన్న చోట వెదకాలి. ఒకే ఫార్ములా కింద పలు పదార్థాలు కనబడితే నిర్మాణాన్నిబట్టి తమకు కావలసినదానిని ఏరుకోవాలి. క్లోరోటొలీన్, బెంజైల్ క్లోరైడ్‌ల కథ ఇక్కడ గుర్తుంచుకోవాలి.

రెండవది, 1965 నుంచి కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ వారు ప్రతి పదార్థానికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తున్నారు. రసాయన సీసాల మీది చీటీలపైన సాధారణంగా ఆ సంఖ్య ఉంటుంది. పేరుతో దొరకనిది ఆ సంఖ్యతో దొరకవచ్చు. రియాక్సిస్ వంటివి చందా చెల్లించిన సంస్థలకే అందుతాయి గాని, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారు 2004లో ప్రారంభించిన పబ్‌కెమ్‌ను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చిన్న ఊరి కళాశాలలో చదివే విద్యార్థికి కూడ ఆ ద్వారం తెరిచే ఉంది.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది. దొరికిన సమాచారం కింద ఇచ్చిన ఆధారాన్ని పట్టుకొని మూలవ్యాసం దాకా వెళ్ళాలి. ఒక అంకెను ఇద్దరు వేర్వేరుగా చెప్పి ఉంటే, ఎవరు ఏ పద్ధతిలో కొలిచారో చూడాలి. సాలిలిక్ ఆమ్లం వంటి లేని పదార్థాలు, ఆవర్తనం పోయి అంచెలైన మాటలు ఎక్కడైనా ఎదురుకావచ్చు. బైల్‌స్టైన్ పేరుగల పరీక్షకే ఈ నియమం వర్తిస్తుంది. యూరియా వంటి కొన్ని నైట్రోజన్ సమ్మేళనాలు హాలోజన్ లేకపోయినా జ్వాలకు ఆకుపచ్చ రంగునిస్తాయి. ఫ్లోరిన్ ఉన్నా సాధారణంగా రంగు కనబడదు. కనుక ఆ పరీక్ష ఫలితాన్ని కూడ మరొక పరీక్షతో సరిచూడక తప్పదు.

గ్రంథాలయంలో గడిపిన ఒక పూట ప్రయోగశాలలో నెలల శ్రమను కాపాడగలదు; ఖరీదైన రసాయనాలను కూడ కాపాడగలదు. కళాశాలలు గ్రంథాలయానికి వెచ్చించే ధనం ప్రయోగశాలకు తగ్గించిన ధనం కాదు, ప్రయోగశాలలో వృథా కాకుండా నిలిపిన ధనం.

మెండలీవ్ కావడం అందరికీ సాధ్యం కాదు. అది దైవదత్తమైన ప్రతిభ. బైల్‌స్టైన్ చూపిన ఓపిక, నిజాయితీ, ఆధారం లేనిదే ఒక్క అంకె కూడ వ్రాయని నిష్ఠ మాత్రం ప్రతి విద్యార్థికీ సాధ్యమే. ఆయన కూడ తన కోసం వ్రాసుకొన్న ఒక వ్రాతప్రతితోనే మొదలుపెట్టాడు. మన విద్యార్థులు ఈ సంవత్సరం ప్రయోగాల పుస్తకంలో వ్రాసే ప్రతి ద్రవీభవన స్థానం పక్కన, అది ఎక్కడనుంచి తీసుకొన్నారో ఆ పుస్తకం పేరు, పుట సంఖ్య వ్రాయడం అలవాటు చేసుకొంటే, ఆ మహనీయుని మార్గంలో మొదటి అడుగు వేసినట్లే.